హుక్కులు గట్టిగా కుట్టడం ఎందుకు నేర్చుకున్నాను

(నరసాపురంలో, ఇంటిపట్టున పనిచేసే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)



కార్యక్రమం కాగితంలో నా పేరు పక్కన 'టైలరు' అని వేశారు. అది నిజమే. ఇరవై ఏళ్ళుగా డాన్సు డ్రెస్సులు కుట్టి బతుకుతున్నాను. కానీ అంతకు ముందు పన్నెండేళ్ళు నేను రికార్డింగ్ డాన్సరుని. బెల్లీ డాన్సు ఐటెం నాది. మా ఊళ్ళల్లో దాన్ని బొడ్డు డాన్సు అనేవారు. ఆ సంగతి కూడా కాగితంలో వెయ్యమని అడిగితే కార్యదర్శి గారు మొహమాటపడి, "మీకు ఇబ్బందేమో" అన్నారు. నాకేం ఇబ్బంది లేదండి. ఆ డాన్సు సంగతి దాచి ఈ కుట్టుపని గురించి చెప్పడం కుదరదు. కుట్టుపని నాకు నేర్పింది ఆ స్టేజీయే.

ముందు లేసు సంగతి చెప్పాలి. మా అమ్మ లేసు అల్లేది, అమ్మమ్మా అల్లేది. ఈ డెల్టాలో లేసు పని 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు బీద క్రైస్తవ స్త్రీలకు నేర్పినది. కాలక్రమేణా అది గోషా పాటించే కాపు ఇళ్ళల్లోకి వెళ్ళింది. గడప దాటకుండా నాలుగు డబ్బులు వచ్చే పని కదా, పరువుకి భంగం లేదన్నారు. ఏజెంటు దారం తూకం వేసి ఇచ్చేవాడు, అల్లిన లేసు తూకం వేసి పట్టుకెళ్ళేవాడు. తూకం తగ్గితే మజూరీలో కోత. పువ్వులు, చక్రాలు అల్లేవాళ్ళది చేతిపని, వాటిని కలిపి కుట్టేవాళ్ళది అతుకుపని. చేతిపని చేసేవాళ్ళకి అతుకుపని ఎవరు చేస్తున్నారో తెలీదు. అతుకుపని వాళ్ళకి ఆ బల్లగుడ్డ ఏ దేశం పోతుందో తెలీదు. అన్నీ తెలిసినవాడు ఎగుమతిదారు ఒక్కడే.

మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ 1978, 79లలో మా ఊరొచ్చి ఇల్లిల్లూ తిరిగారు. 1982లో నరసాపురం లేసు పనివాళ్ళ మీద ఆవిడ రాసిన పుస్తకం అచ్చయింది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఆడవాళ్ళ శ్రమ గురించి చదువుకునేవాళ్ళంతా ఆ పుస్తకం చదివారట. మా ఊళ్ళో మాత్రం చాలామందికి తెలీదు. ఆవిడ చూసిందేమిటంటే, ఇంటి పనంతా చేసుకుని రోజుకి ఆరేడు గంటలు అల్లిన మనిషికి రూపాయి కూడా గిట్టేది కాదు. పొలంలో కూలికి వెళ్ళే మనిషికి అంతకంటే ఎక్కువే వచ్చేది. అయినా లేసు అల్లే ఆవిడ, "నేను కూలికి వెళ్ళను, ఇంటి పట్టున ఉంటాను" అని గొప్పగా చెప్పుకునేది. షావుకార్లేమో, "వాళ్ళు పనివాళ్ళు కారండి, గృహిణులు, తీరిక వేళల్లో అల్లుకుంటారు" అనేవారు. తీరిక! మా అమ్మకి తీరిక ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కిరసనాయిలు దీపం దగ్గర కళ్ళు చికిలించుకుని అల్లేది. నలభై ఐదేళ్ళకే చూపు మందగించింది.

నేను ఏడో ఏటే లేసు సూది పట్టాను. పదిహేడో ఏట, 1985లో, మా నాన్న చనిపోయాడు. వైద్యానికి చేసిన అప్పు నెత్తిన పడింది. మా వీధిలో వరసకి వదిన అయ్యే ఆవిడ ఒకావిడ రికార్డింగ్ డాన్సు మేళంలో ఉండేది. ఆవిడే నన్ను తీసుకెళ్ళింది. అమ్మ ఏడ్చింది. రాత్రికి ముప్ఫై రూపాయలని విని ఏడుపు ఆపింది. కఠినంగా అంటున్నానని అనుకోకండి, మా ఇంట్లో నెల రోజుల లేసు డబ్బు అది.

రికార్డింగ్ డాన్సు ఎలా ఉంటుందో మీలో చాలామంది చూసే ఉంటారు, చూశామని చెప్పరు గానీ. (నవ్వులు) తీర్థాలు, సంక్రాంతికి కోడిపందాల బరుల పక్కన పందిళ్ళు, చవితి ఉత్సవాలు. నాలుగు పీపాల మీద బల్లలు పరిచి కడితే అదే స్టేజీ. మైకులో సినిమా పాట వేస్తే సినిమాలో జ్యోతిలక్ష్మి, జయమాలిని ఎలా చేశారో అలా చెయ్యాలి. మాకు గురువులు లేరు. హాలు మేనేజరుని బతిమాలి ఒకే సినిమా మూడాటలూ చూసేవాళ్ళం. పాట రాగానే వదిన అంకెలు లెక్కపెట్టేది, నేను చీకట్లో కూర్చునే కాలు కదిపి చూసుకునేదాన్ని. తర్వాత వీసీఆర్లు వచ్చాయి, పని కాస్త తేలికయింది.

ఆ బెల్లీ డాన్సు అనేది చూసేవాళ్ళకి నడుం తిప్పడంలా కనిపిస్తుంది. నడుంతో తిప్పితే వారానికే వెన్ను పట్టేస్తుంది. పని అంతా మోకాళ్ళది, మడమలది. మోకాళ్ళు కొంచెం వదులుగా పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి వేగంగా కదిపితే తుంటి దానంతటదే వణుకుతుంది. పైన భుజాలు, తల నిలకడగా ఉండాలి. పైభాగం ఎంత నిలకడగా ఉంటే కింద కదలిక అంత బాగా కనిపిస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. బల్లల మీద పడీ లేచీ తెలుసుకున్నాను. తలమీద చెంబు పెట్టుకుని ఇంట్లో సాధన చేసేదాన్ని. మా అమ్మ లేసు అల్లుతూ, "చెంబు సొట్టపడితే నీ సంగతి చెప్తా" అనేది.

ఇక డ్రెస్సులు. మేళం మేనేజరు దగ్గర ఒక ట్రంకు పెట్టె ఉండేది. అందులోవే మాకు. ఒకే డ్రెస్సు రాత్రికి ముగ్గురు ఆడపిల్లలు మార్చి మార్చి తొడుక్కునేవాళ్ళం. చమ్కీలు ఊడిపోతాయని ఉతకనిచ్చేవాడు కాదు. చెమటకి ఒళ్ళంతా పొక్కులు. సినిమాల్లో నడుం దగ్గర కనిపించేది చర్మం కాదు, ఒంటి రంగు పల్చటి గుడ్డ. మాకు ఆ గుడ్డ కూడా ఉండేది కాదు. బెల్టుకి ముందు రెండే హుక్కులు. లోపల కాన్వాసు గాని బక్రం గాని లేకుండా ఒంటి పొర శాటిన్ మీద పూసలు కుట్టి పెట్టేవారు. పూసల బరువుకి గుడ్డ సాగి బెల్టు కిందికి జారేది. జారడం కోసమే అలా కుట్టించేవారని నాకు తర్వాత అర్థమయింది.

1987లో ఒక తీర్థంలో తాగినవాడొకడు స్టేజీ ఎక్కి బెల్టు పట్టుకు లాగాడు. హుక్కులు రెండూ ఊడి వచ్చాయి. జనం ఈలలు. నేను రెండు చేతుల్తో పట్టుకుని తెర వెనక్కి పరిగెత్తాను. పాట ఆగలేదు. ఆ రాత్రి నాకిచ్చిన డబ్బులో బెల్టు బాగుచేయించడానికని పన్నెండు రూపాయలు మినహాయించుకున్నారు. లాగినవాడిని ఎవరూ ఏమీ అనలేదు. అతను పందిరి వేయించినవాళ్ళ బంధువు.

మర్నాడు ఆ బెల్టు ఇంటికి పట్టుకొచ్చి అమ్మ ముందు వేశాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, డాన్సు గురించి ఒక్క మాట అనకుండా, "హుక్కు ఊడలేదే, గుడ్డ చిరిగింది. హుక్కు ఎంత గట్టిదైతే ఏం, అది పట్టుకునే చోటు గట్టిగా ఉండాలి" అంది. మా అమ్మ బడికి వెళ్ళలేదు. నేను ఈ రోజుకీ కుట్టే ప్రతి బెల్టూ ఆ మాట మీదే నిలబడుతోంది.

మేమిద్దరం కూర్చుని ఆ బెల్టు మొత్తం విప్పేశాం. లోపల రెండు పొరల బక్రం వేశాం. హుక్కులు వచ్చే చోట అమ్మ లేసు దారంతో రెండంగుళాల పట్టీ దట్టంగా అల్లింది, పువ్వూ లేదు కాయా లేదు, ఉత్త గట్టి అల్లిక. ఆ పట్టీకి రెండు వరసల హుక్కులు కుట్టాం, ఒక వరస ముందు, ఒక వరస పక్కకి. ఎదురుగా లాగితే పక్కవి పట్టుకుంటాయి, పక్కకి లాగితే ముందువి పట్టుకుంటాయి. అల్లిన పట్టీ కాబట్టి గుడ్డలా చీలిపోదు. పూసల కుచ్చులు అంతకుముందు ఒకే దారం మీద వరసగా కుట్టేవారు, ఒక్క చోట తెగితే స్టేజీ అంతా పూసలు దొర్లేవి, వాటి మీద కాలేసి జారిపడేవాళ్ళం. మేము ప్రతి కుచ్చుకీ విడిగా ముడేశాం. ఒకటి తెగితే ఒకటే పోతుంది. ఆ పని అయ్యేసరికి వారం పట్టింది.

ఆ తర్వాత ఎవరు లాగినా ఆ బెల్టు ఊడలేదు. లాగారు మరి, ఒకసారి కాదు. మేళంలో మిగతా పిల్లలు కూడా నాకూ నాకూ అని వచ్చారు. మేనేజరుకి నచ్చలేదు. "ఇలా కుడితే చూసేవాడికి ఏం ఆశ ఉంటుంది" అన్నాడు. నేను ట్రంకు పెట్టెలో డ్రెస్సు వేసుకోను, నా డ్రెస్సు నేనే తెచ్చుకుంటాను అన్నాను. నా ఐటెం ఉంటే జనం ఆగుతారు కాబట్టి ఒప్పుకున్నాడు. 1990లో పాత ఉషా మిషను ఒకటి వాయిదాల మీద కొన్నాను.

పోలీసుల సంగతి కూడా చెప్పాలి. రికార్డింగ్ డాన్సు అనగానే అశ్లీలత కింద కేసు. అప్పట్లో భారతీయ శిక్షాస్మృతి సెక్షన్ 294. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే సెక్షన్ 296. మూడు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం ఆడామగా తేడా చెప్పదు. చేతల్లో మాత్రం జీపెక్కేది మేమే. పందిరి వేయించిన పెద్దమనుషులు, మైకు పెట్టినవాడు, కొంగు లాగినవాడు, వీళ్ళెవరూ జీపులో కనిపించరు. నేను రెండు సార్లు ఎక్కాను. రెండోసారి మర్నాడు పేపర్లో ఫోటో పడింది. మొహం కనపడకుండా చున్నీ కప్పుకున్నాను గానీ, మా వీధిలో నా డ్రెస్సు గుర్తుపట్టారు. కుట్టిన చెయ్యి తెలిసినవాళ్ళు కదా.

ఇదంతా మాతోనే మొదలైంది కాదు. ఈ గోదావరి జిల్లాల్లో కళావంతుల మేళాలు ఉండేవి. బల్లిపాడు, ర్యాలి, ముమ్మిడివరం, మురమండ, ఈ ఊళ్ళ పేర్లు నాట్యం తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం చేసింది. ఆడపిల్లని గుడికి అంకితం చేసే ఆచారాన్ని ఆపింది. అది ఆగవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అదే చట్టం గుడిలోనూ ఊరేగింపులోనూ ఆ స్త్రీలు ఆడటాన్ని కూడా నేరం చేసింది. ఆట పోయింది. ఆట ఆడి సంపాదించుకునే ఆడవాళ్ళకి బదులుగా ఏం పని ఇచ్చారన్నది ఎవరూ అడగలేదు. తర్వాత నటరాజ రామకృష్ణ గారు ఆ పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి నేర్చుకుని ఆంధ్రనాట్యం అన్నారు, స్వప్నసుందరి గారు నేర్చుకుని విలాసినీ నాట్యం అన్నారు. ఆ కళ బతికిందంటే వాళ్ళ చలవే, కాదనను. ఆట మాత్రం గౌరవంగా పట్నం స్టేజీ ఎక్కింది, ఆడినవాళ్ళ మనవరాళ్ళు చాలామంది ఆ పేరు చెప్పుకోకుండా బతికారు. మా మేళాల్లో కూడా వాళ్ళ ఇళ్ళ పిల్లలు కొందరు ఉండేవారు. వాళ్ళ అమ్మమ్మలు పదాలకి అభినయం పట్టినవాళ్ళు.

1996 సెప్టెంబరులో సిల్క్ స్మిత మద్రాసులో చనిపోయింది. ఏలూరు దగ్గర కొవ్వలి పిల్ల, అప్పట్లో మన జిల్లా పిల్లే. ఆమె పాట ఉంటే చాలు సినిమా అమ్ముడుపోతుందని పరిశ్రమవాళ్ళే చెప్పుకున్నారు. ఆ వార్త విన్న రోజు మేళంలో ఎవరం అన్నం తినలేదు. మరుసటి ఏడు నేను స్టేజీ మానేశాను. మోకాలు కూడా దెబ్బతింది, ఎన్నాళ్ళని చేస్తాను.

కుట్టుపని ఒక్కటే చాలలేదు. మా ప్రాంతంలో ఆడవాళ్ళకి అప్పు తీర్చుకునే దారి ఏదంటే గల్ఫు. 1999లో కువైట్ వెళ్ళాను, ఇంటి పనికి. అక్కడ మమ్మల్ని 'ఖద్దామా' అంటారు. ఆ ఇంటి కష్టాలు ఇక్కడ వద్దు, మీలో సగం మందికి అనుభవమే. నేను చెప్పదలుచుకున్నది ఒక పెళ్ళి గురించి.

ఆ దేశంలో పెళ్ళికి ఆడవాళ్ళ సంబరం వేరుగా జరుగుతుంది. లోపలికి మగపురుగు రాదు. పిల్లల్ని ఎత్తుకోవడానికి నన్ను తీసుకెళ్ళారు. డప్పులు వాయించేవాళ్ళు కూడా ఆడవాళ్ళే. బయట నల్లటి అబాయాలో కనిపించే వాళ్ళంతా లోపల జలతారు కుట్టిన పెద్ద పెద్ద గౌన్లలో జుట్టు విరబోసుకుని తల ఊపుతూ ఆడారు. ఒక ఈజిప్టు టీచరమ్మ తుంటికి రుమాలు కట్టుకుని లేచింది. నేను పన్నెండేళ్ళు చేసిన ఆటే అది. మోకాళ్ళు వదులుగా, భుజాలు నిలకడగా. డెబ్బై ఏళ్ళ ముసలావిడ ఆమెకి జతగా లేచి ఆడింది. పదేళ్ళ పిల్లలు వాళ్ళని చూసి నేర్చుకుంటున్నారు. ఎవరూ ఈల వెయ్యలేదు, డబ్బు విసరలేదు. నేను పిల్లాణ్ణి ఎత్తుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలీలేదు.

తర్వాత తెలిసినవాళ్ళ చేత చదివించుకుని కొంత తెలుసుకున్నాను. ఈజిప్టువాళ్ళు దీన్ని 'రక్స్ షర్కీ' అంటారు, తూర్పు నాట్యం అని. బెల్లీ డాన్సు అనే పేరు పడమటివాళ్ళు పెట్టింది, 1893లో చికాగో ప్రదర్శనతో పాకిపోయింది. మనం సినిమాల్లో చూసే పూసల జాకెట్టు, తుంటి బెల్టు కూడా తరాల నాటివి కావు. 1926లో కైరోలో బదియా మసబ్నీ అనే ఆవిడ నాట్యశాల పెట్టాక, హాలీవుడ్ సినిమాల ప్రభావంతో స్థిరపడిన వేషం అది. హాలీవుడ్‌వాడు తూర్పుదేశాల ఆడది ఇలా ఉంటుందని ఊహించుకుంటే, తూర్పుదేశాల ఆడది ఆ డ్రెస్సు వేసుకుంది, అది బొంబాయి మీదుగా మద్రాసు వచ్చి, అక్కణ్ణుంచి మా ట్రంకు పెట్టెలోకి వచ్చింది. అక్కడ కూడా నిషేధాలున్నాయి. 1834లో మహమ్మద్ అలీ అనే పాలకుడు కైరో నుంచి నాట్యగత్తెల్ని దక్షిణానికి తరిమేశాడు. ఆటకత్తెని ఊరి నుంచి వెళ్ళగొడితే ఊరు బాగుపడుతుందన్న ఆలోచన ఒక దేశానిది కాదు.

కువైట్‌లో నాలుగేళ్ళ పైన ఉన్నాను. 2003లో ఇరాక్ యుద్ధం, సైరన్లు, అవన్నీ చూసి 2004లో తిరిగొచ్చాను. తెచ్చుకున్న డబ్బుతో అప్పు తీరింది, ఒక కొత్త మిషను వచ్చింది.

ఇప్పుడు నా దగ్గర డ్రెస్సులు ఎవరు కుట్టించుకుంటారో వినండి. భీమవరం, రాజమండ్రి, విజయవాడ డాన్సు స్కూళ్ళు. కాలేజీ వార్షికోత్సవాలు. పెళ్ళిళ్ళలో సంగీత్ అని కొత్తగా వచ్చిందే, దానికి. పెద్దింటి తల్లులు కారులో వచ్చి, "మా అమ్మాయి బెల్లీ డాన్సు క్లాసుకి వెళ్తోందండి, మంచి వ్యాయామమట" అని సంతోషంగా చెప్తారు. నాకూ సంతోషమే. ఆ అమ్మాయి మీద 296 కేసు ఎవరూ పెట్టరు, పెట్టకూడదు కూడా. అదే బెల్టు, అదే ఆట. సంక్రాంతికి బరి పక్కన ఆడే అమ్మాయికి మాత్రం జీపు. తేడా గుడ్డలో లేదు, తుంటిలో లేదు. ఆడేది ఎవరి అమ్మాయి, డబ్బు తీసుకుంటోందా లేదా, అంతే.

మా దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్ళు పనిచేస్తారు, ఎక్కువమంది లేసు అల్లినవాళ్ళే. అంటే నేనిప్పుడు ఏజెంటు కుర్చీలో ఉన్నానన్నమాట. అందుకని మొదట్లోనే అందరం కూర్చుని గడియారం ముందు పెట్టుకుని లెక్క కట్టాం. ఒక బెల్టుకి 120 కుచ్చులు. ఒక్కో కుచ్చుకి పూసలెక్కించి ముడెయ్యడానికి 5 నిమిషాలు. మొత్తం 10 గంటలు. కోత, మిషను కుట్టు, పట్టీ, హుక్కులు కలిపి ఇంకో 6 గంటలు. సరుకు ఖర్చు 650 రూపాయలు. పట్నం షాపువాళ్ళు 900 ఇస్తామన్నారు. అంటే 16 గంటల మనిషి పనికి 250. "ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో కుట్టేదే కదమ్మా" అన్నాడు ఆ షాపాయన. మా అమ్మని అన్న మాటే, అక్షరం పొల్లు పోలేదు. మేము 2,200కి తక్కువ ఇవ్వం. కుచ్చులు కట్టిన మనిషికి గంటకి 70 చొప్పున 700, మిషను పనికి గంటకి 90 చొప్పున 540. మిగిలిన 310లో అద్దె, కరెంటు, రవాణా. ఈ లెక్క గోడ మీద రాసి ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. మిషను మీద చేసిన సరుకు అంతకంటే చవగ్గా దొరుకుతుంది, ఆర్డర్లు పోతుంటాయి. ఒకసారి మా డ్రెస్సు వేసుకుని ఆడినవాళ్ళు మళ్ళీ వస్తారు, దాంతో నెట్టుకొస్తున్నాం. కొన్ని నెలలు బొటాబొటీ.

నరసాపురం క్రోషా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. పేరు దొంగిలించకుండా కాపాడుతుంది. అల్లినావిడకి గంటకి ఎంత అన్నది మాత్రం ఆ గుర్తింపులో ఉండదు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళని కార్మికులుగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాని మీద ఇంకా సంతకం పెట్టలేదు. మీ సంఘాలు ఎన్నికలప్పుడు ఇచ్చే డిమాండ్ల కాగితాల్లో ఈ 177 అంకె నాకు ఎక్కడా కనపడలేదు. చేర్చండి.

డాన్సు పిల్లల గురించి మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. మహిళా సంఘాలు కొన్ని రికార్డింగ్ డాన్సుల్ని నిషేధించాలని వినతిపత్రాలు ఇస్తుంటాయి. వాళ్ళ బాధ నాకర్థమవుతుంది. ఆడదాని ఒంటిని చూపించి సారా అమ్ముకుంటున్నారు, అది నిజం. నేను ఆ స్టేజీ మీద నిలబడి చూసినదాన్ని, నాకంటే బాగా ఎవరికి తెలుసు. కానీ నిషేధం పెట్టిన రోజు రాత్రి ఆ పిల్ల ఏమవుతుంది? మహారాష్ట్రలో 2005లో బార్లలో డాన్సు నిషేధించారు. వేలమంది పని పోయింది. బొంబాయి హైకోర్టు 2006లో ఆ నిషేధం చెల్లదంది, 2013 జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. పని లేక చాలామంది అంతకంటే ఘోరమైన బతుకులోకి నెట్టబడ్డారనీ, నిషేధించే బదులు ఆ స్త్రీల భద్రత, పని పరిస్థితులు మెరుగుపరిచే చర్యలు తీసుకుంటే బాగుంటుందనీ కోర్టే అంది. పని పరిస్థితులు అన్న మాట మా గురించి ఒక పెద్ద కోర్టు అనడం వింటానని నేను అనుకోలేదు.

మా పని పరిస్థితులు అంటే పెద్ద కోరికలేం కాదు. బట్టలు మార్చుకోవడానికి నాలుగు గోడలున్న గది. మాకు గడ్డివాము వెనక దుప్పటి అడ్డం పెట్టేవారు. మరుగుదొడ్డి. తెల్లారగట్ల ఇంటికి చేర్చే బండి, అందులో తాగిన మగాళ్ళు ఉండకూడదు. డబ్బు ఎంతో ముందే కాగితం మీద రాయడం. పద్దెనిమిది నిండని పిల్లని స్టేజీ ఎక్కించకపోవడం. ఇది నేనే చెప్తున్నాను, పదిహేడో ఏట ఎక్కినదాన్ని. ఎవరి డ్రెస్సు వాళ్ళకి.

2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉంది కదా. ఆఫీసుల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళకే అనుకుంటారు చాలామంది. అసంఘటిత రంగం కూడా అందులో ఉంది. వినోదం అందించే సంస్థలు కూడా పనిచోటు కిందికే వస్తాయని చట్టంలో రాసి ఉంది. పని కోసం యజమాని ఏర్పాటు చేసిన బండి కూడా పనిచోటే. పదిమంది కంటే తక్కువ పనివాళ్ళున్న చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లాలో స్థానిక కమిటీకి ఇవ్వాలి. మూడు నెలల్లోపు ఇవ్వాలి. మేళంలో పిల్లలకి ఈ కమిటీ ఒకటుందని కూడా తెలీదు. తెలిసినా, "నేను రికార్డింగ్ డాన్సరుని, నా బెల్టు లాగాడు" అని ఒక్కతీ వెళ్ళి చెప్పలేదు. పక్కన మీలాంటి మనిషి ఒకరు కుర్చీలో కూర్చుంటే చెప్తుంది.

అందుకని నేను అడిగేది ఇంతే. వచ్చే సంక్రాంతి మూడు రోజులూ మీ సంఘం నుంచి ఇద్దరు నరసాపురంలోనూ ఇద్దరు భీమవరంలోనూ ఉండండి. పిల్లల్ని స్టేషనుకి తీసుకొచ్చారని కబురొస్తే వెళ్ళండి. సూర్యాస్తమయం అయ్యాక ఆడదాన్ని అరెస్టు చెయ్యాలంటే ఏం నిబంధనలున్నాయో మీకు తెలుసు, ఆ పిల్లకి తెలీదు. ఫోటోలు తీసి పేపర్లకి ఇవ్వకుండా అడ్డుపడండి. పందిరి వేయించినవాడి పేరు కూడా కేసులో రాశారా అని అడగండి. ఫోను నంబరు ఒకటి ఇస్తే నేను డ్రెస్సు లోపల, పట్టీ మీద, సిరాతో రాసి పంపిస్తాను. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. మేళం పిల్ల పర్సు పోగొట్టుకుంటుంది, ఫోను మేనేజరు లాక్కుంటాడు, బెల్టు మాత్రం ఒంటి మీదే ఉంటుంది.

టైము అయిపోయిందని అధ్యక్షురాలు చీటీ పంపారు. బెల్టులు రెండు తెచ్చాను, ఒకటి షాపుది, ఒకటి మాది. భోజనాల దగ్గర బల్ల మీద పెడతాను. ఎవరైనా సరే రెండూ కట్టుకుని, పక్కనున్న మనిషిని లాగి చూడమనండి.